వేపేరిలో నాలుగు రోజులు

మొదటి రోజు, శనివారం

నెల్లూరులో పినాకిని ఎక్కేటప్పటికి మావారి చేతిలో మలైకాజా డబ్బా, నా చేతిలో చీర, పసుపు, కుంకుమ సర్దిన సంచి ఉన్నాయి. మా అబ్బాయి పెళ్లి జూన్‌లో. అమ్మాయి వాళ్లది చెన్నై వేపేరి. మూడు తరాల కిందట ఒంగోలు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు బాప్తిస్టు కుటుంబం. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు చేస్తూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. మతం మార్చుకోమని ఇటువాళ్లూ అడగకూడదు, అటువాళ్లూ అడగకూడదు అని ముందే తేల్చి చెప్పేశారు. మా దగ్గర వాళ్లు కోరింది ఒక్కటే. పెద్దవాళ్లం నలుగురం పెళ్లికి ముందు నాలుగు రోజులు ఒకే ఇంట్లో ఉండాలి.

"మన ఇంటి సంగతులు చెప్పండి, వాళ్ల ఇంటి సంగతులు వినండి. శుభలేఖ తర్వాత రాసుకుందాం" అన్నాడు మా వాడు.

మా పుట్టింట్లో పైకి చెప్పుకోని సంగతి ఒకటి ఉంది. గూడూరు దాటేదాకా దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. "చెప్పాలంటారా?" అని మావారిని అడిగాను. "నీ పుట్టింటి సంగతి, నీ ఇష్టం" అన్నారు. సూళ్లూరుపేటలో టీ తాగాం. ఆ తర్వాత నేను మళ్లీ అడగలేదు.

సెంట్రల్ స్టేషన్ నుంచి వేపేరి ఆటోలో ఎంతో దూరం లేదు. పాతకాలపు ఇల్లు, ముందు వేపచెట్టు, మేడ మీద కడప నుంచి వచ్చి అద్దెకుంటున్న కుటుంబం. వియ్యపురాలు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్లి కూర్చోగానే నేను చీర, పసుపు, కుంకుమ పళ్లెంలో పెట్టి అందించాను. అందించాకే తోచింది, ఆవిడ తీసుకుంటారో లేదో ముందే కనుక్కోవలసిందని. ఆవిడ చీర తీసి కళ్లకద్దుకున్నారు. పసుపు పొట్లం కూడా తీసుకున్నారు. కుంకుమ భరిణె మాత్రం పళ్లెంలోనే ఉంచి, "పసుపు వంటలో వేసుకుంటాను వదినగారూ, ఇది మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నారు. ముఖం చిట్లించలేదు, మొహమాటానికి తీసుకుని తర్వాత ఎక్కడో దాచనూ లేదు. ఆ సూటిదనం నాకు నచ్చింది. ఈవిడతో మాట్లాడవచ్చు అనిపించింది.

ఆ రాత్రి మాత్రం ఇరువైపులా పెళ్లిచూపుల మాటలే సాగాయి. మేము తిరుమల గురించి, జొన్నవాడ కామాక్షమ్మ గురించి చెప్పాం. వాళ్లు క్రిస్మస్ గురించి చెప్పారు.

రెండో రోజు, ఆదివారం

ఉదయం వాళ్లతో పాటు తెలుగు ఆరాధనకు వెళ్లాం. నేను చర్చిలు చూడకపోలేదు కానీ ఆరాధన మొదటి నుంచి చివరిదాకా కూర్చోవడం ఇదే మొదలు. వదినగారు పాటల పుస్తకం నా ఒళ్లో పెట్టి పేజీ తీసి చూపించారు. కీర్తన పైన చిన్న అక్షరాలతో రాగం, తాళం అచ్చువేసి ఉన్నాయి. చిన్నప్పుడు మూడేళ్లు సంగీతం నేర్చుకున్నదాన్ని. రెండో చరణానికల్లా గొంతు కలిపాను. మాటలు కొత్తవి, రాగం మాత్రం మా సంగీతం పంతులుగారి ఇంటి అరుగు మీద నేర్చుకున్నదే. తెలుగు క్రైస్తవ కీర్తనల్లో చాలా వాటిని రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడని వియ్యంకుడు అన్నయ్యగారు ఇంటికి వచ్చే దారిలో చెప్పారు. ఆయన మతం మారాడు, చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్న బాణీలను మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్లు నడుం వాల్చారు. నేను, వదినగారు వంటింట్లో పీటల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. మీవాళ్లు ఎప్పుడు కలిశారు మతంలో అని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడే లేచి చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన పెద్ద బైబిలు తెచ్చారు.

పాత నిబంధనకు, కొత్త నిబంధనకు మధ్య రాయడానికి వదిలిన కాగితాలున్నాయి. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాలు వరుసగా రాసి ఉన్నాయి. కొన్ని నల్ల సిరాతో, కొన్ని ఊదా సిరాతో, చివరివి బాల్‌పెన్నుతో. ఒకచోట నీళ్లు పడి అక్షరాలు అలుక్కుపోయాయి. మొదటి పంక్తిలో ఒక పేరు, దాని పక్కన "గుండ్లకమ్మ, 1878" అని మాత్రమే ఉంది.

"మా తాత తండ్రి. మాదిగపల్లెలో పుట్టాడు. కాలువ తవ్వాడు" అన్నారు వదినగారు.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. 1876లో వానలు లేవు. మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది దాన్నే. రెండేళ్లు గింజ లేదు. కరువు పని కింద మద్రాసు ప్రభుత్వం తీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది. అప్పటి గవర్నరు పేరే కాలువకు పెట్టారు. పనిచోట మేస్త్రీలు మాదిగ కూలీలను తిట్టి, కొట్టి, కూలిలో కోత పెడుతుంటే, ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల కాలువ పని తానే కాంట్రాక్టు తీసుకుని తనవాళ్లను మేస్త్రీలుగా పెట్టాడు. ఈవిడ ముత్తాత అక్కడే మట్టి మోశాడు.

"ఇక్కడే అందరూ పొరబడతారు వదినగారూ" అని ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ పళ్లెంలో పెట్టేశారు. "నా చిన్నప్పుడు బళ్లో, తిండి కోసం మతంలో కలిసినవాళ్లు అని పిలిచేవారు. కానీ తిండి పెట్టినన్నాళ్లూ క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ మాట రాకూడదనే ఇవ్వలేదు. సాయం ఆపేసి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాకే నదిలోకి దిగనిచ్చాడు."

1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. అదే ఏడాది నెల్లూరు నుంచి మిషనరీ లైమన్ జ్యూయెట్ మద్రాసు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ల మధ్య మిషను మొదలుపెట్టాడు. ఆ దారి వెంటే తర్వాతి తరాలు వేపేరి చేరాయి.

కాగితం మీద ముత్తాతది మామూలు తెలుగు పేరే. బైబిలు పేర్లు ఆయన కొడుకుల నుంచి మొదలయ్యాయి. ఇంకాస్త కిందకు వస్తే ఒక పేరు దగ్గర రెండు పేర్లున్నాయి, మధ్యలో అడ్డగీత. "మా చిన్నాన్న. ఒకటి చర్చిలో, ఇంకొకటి బడి సర్టిఫికెట్లో" అన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు కానీ క్రైస్తవులకు ఈనాటికీ లేదు. చర్చికి వెళ్లినంత మాత్రాన ఊళ్లో ఆయన్ని చూసే చూపు మారలేదు, ఉపకారవేతనం మాత్రం పోతుంది. అందుకని ఒక మనిషి రెండు పేర్లతో బతికాడు. ఆ అడ్డగీత మీద వదినగారు వేలు ఆనించి చాలాసేపు ఉంచారు.

తర్వాత నా వంతు. మా నాయనమ్మ పేరు చెప్పాను: మస్తానమ్మ. ఆవిడ నవ్వి, "రెడ్లలో మస్తానమ్మా?" అన్నారు. నెల్లూరు వైపు ఇది వింత కాదు. మస్తాన్ రెడ్లు ఊరికొకరైనా ఉంటారు. మా ముత్తవ్వకు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారట. కసుమూరు దర్గాకు వెళ్లి, ఈసారి బిడ్డ నిలిస్తే మస్తాన్ స్వామి పేరు పెట్టుకుంటానని మొక్కుకుంది. బిడ్డ నిలిచింది. ఆ తర్వాత మా ఇంట్లో గురువారం సాంబ్రాణి, శనివారం వెంకటేశ్వరస్వామికి పిండిదీపం. నాయనమ్మకు వేరే దేవుడి దగ్గరికి వెళ్తున్నానన్న స్పృహే ఉండేది కాదు. నిరుడు మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి నేనూ పెళ్లి రొట్టె పట్టుకున్నాను, మా వాడి కోసం. కోరిక తీరింది కనుక ఈ ఏడు వెళ్లి అలాంటి రొట్టే ఇంకెవరికైనా ఇవ్వాలి. "నేనూ వస్తాను, చెరువు గట్టు మీద నిలబడి చూస్తాను" అన్నారు వదినగారు.

అక్కడితో ఆపేశాను. సగమే చెప్పాను. ఆవిడ అడ్డగీత దాచకుండా చూపించారు. నేను సాంబ్రాణి వాసన వచ్చేంతవరకే చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మూడో రోజు, సోమవారం

అడయారు దివ్యజ్ఞాన సమాజానికి అన్నయ్యగారు తీసుకెళ్లారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఈ తోటలోకి నెలకోసారి వచ్చి నడుస్తారట. సమాజం 1882లో ఇక్కడికి వచ్చింది. ఒకే ఆవరణలో చిన్న గుడి, చర్చి, మసీదు, బౌద్ధ మందిరం ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకొకదానికి చెట్ల నీడలోనే వెళ్లిపోవచ్చు. పెద్ద మర్రి తల్లిమాను 1989లో గాలివానకు కూలింది. ఊడలు మానులై నిలబడ్డాయి కనుక ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి.

నన్ను కదిలించింది మర్రి కాదు, మదనపల్లె తండ్రి. జిడ్డు నారాయణయ్య భార్య పోయాక 1909లో పిల్లలను వెంటబెట్టుకుని ఈ సమాజంలో గుమాస్తా పనికి వచ్చాడు. అదే ఏడాది ఇక్కడి సముద్రపు ఒడ్డున ఆయన కొడుకు కృష్ణమూర్తిని సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ చూసి, ఈ పిల్లవాడు జగద్గురువు కాబోతున్నాడన్నాడు. పిల్లవాడి సంరక్షణ సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్ చేతికి వెళ్లింది. 1912లో తండ్రి పిల్లల కోసం మద్రాసులో దావా వేశాడు. ఇక్కడ గెలిచాడు, లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు. 1929లో కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలపడానికి కట్టిన ఆర్డర్ ఆఫ్ ద స్టార్ అనే సంస్థనే రద్దు చేశాడు. ఆ పని గొప్పతనం గురించి అందరూ చెబుతారు. నేను మాత్రం ఆ ఒడ్డున నిలబడి నారాయణయ్య గురించే ఆలోచించాను. తన ఇంటి దేవుళ్లు తన పిల్లలకు అందకుండా పోయిన తండ్రి ఆయన. పిల్లలు కట్టుకునే కొత్త ఇంట్లో మా దేవుళ్లకు చోటుంటుందా అని నాలో నేను భయపడుతూ ఉన్నానని నాకు అక్కడే తెలిసింది. అన్నయ్యగారితో అదే మాట అన్నాను. ఆయన కాసేపు నడిచి, "మాకూ అదే భయం చెల్లెమ్మా. ఆదివారం పిల్ల చర్చికి వెళ్తుందా లేదా అని. మీరు ముందు పైకి అన్నారు" అన్నారు.

సాయంత్రం మేడ మీది వాళ్లు ఇఫ్తారుకు పిలిచారు. ఆ ఇంటాయన మావారిని, అన్నయ్యగారిని తిరువల్లికేణిలోని వాలాజా పెద్ద మసీదుకు తీసుకెళ్లాడు. 1795లో కలప, ఇనుము లేకుండా రాతితో కట్టిన మసీదు. దాని మీది పారశీక శాసనం నవాబు కొలువులో ఉన్న మక్కన్ లాల్ అనే హిందువు రాసినది. మావారు తిరిగొచ్చి చెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ ఉపవాసం విడిచేవాళ్లకు వడ్డించేది సింధీ హిందువులు. దేశ విభజనలో అన్నీ వదులుకుని మద్రాసు చేరిన దాదా రతన్‌చంద్ నెలకొల్పిన సూఫీదార్ సంస్థ వాళ్లు ముప్పై ఏళ్లకు పైగా ఈ సేవ చేస్తున్నారు. నడుముకు గుడ్డ చుట్టుకుని, తలకు టోపీ పెట్టుకుని, వంగి వంగి వడ్డించారట. మావారి గొంతు కొంచెం వణికింది.

ఆడవాళ్లం మేడ మీదే కూర్చున్నాం. స్టీలు గ్లాసుల్లో నోన్బు గంజి పోసి ఇచ్చింది ఆ ఇంటి అమ్మాయి. మసీదు నుంచి తెచ్చినది. బియ్యం, పెసరపప్పు, మెంతులు, అల్లం వెల్లుల్లి, కొబ్బరిపాలు కలిసి చిక్కగా ఉంది. మధ్యలో ఒక మెంతిగింజ పంటి కింద చేదుగా తగిలింది. "మద్రాసు వచ్చాకే దీనికి అలవాటుపడ్డాను అక్కా" అంది. వాళ్లు నూర్‌బాషాలు, దూదేకులవాళ్లు. ఇంటిపేరు తెలుగు, ఇంట్లో మాట తెలుగు. వాళ్ల తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడట.

ఈసారి ఉగాదికి ఊరికి వెళ్లలేకపోతున్నానని ఆ అమ్మాయికి దిగులు. ఉగాది రోజు దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కొబ్బరికాయ, బెల్లం పట్టుకుని వెళ్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు కనుక స్వామి అల్లుడు. "పండక్కి అల్లుణ్ని చూడకపోతే ఎలా అక్కా?" అంది. వాళ్ల బంధువుల్లోనే కొందరు ఇప్పుడు అలా వెళ్లడం తప్పంటున్నారట. "మా జేజి చేసింది తప్పు అని నా నోటితో ఎలా అననూ?" అంది. ఆ ప్రశ్నకు మా ముగ్గురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. గంజి చల్లారింది.

నాకు మాత్రం ఆ మాట ఇంకో రకంగా తగిలింది. మా తాత చేసింది తప్పు అని నా నోటితో అనాలి. రేపు అనాలి.

నాలుగో రోజు, మంగళవారం

పొద్దున్నే జార్జ్‌టౌన్ వెళ్లాం. ఆర్మీనియన్ వీధిలో మంగళవారం కనుక సెయింట్ ఆంటోనీ మందిరం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం, అందులో బొట్లు పెట్టుకున్నవాళ్లు ఎందరో. పక్కనే 1772లో కట్టిన ఆర్మీనియన్ చర్చిలో మాత్రం పావురాల చప్పుడే. ఆ సంఘం వాళ్లు ఊళ్లో దాదాపు లేరు. పేరుకు వీధి మిగిలింది.

మధ్యాహ్నం మగవాళ్లు ఇంటికి వెళ్లారు. నేను వదినను రాయపేట హైరోడ్డుకు తీసుకెళ్లమన్నాను. పొట్టి శ్రీరాములుగారు ప్రాణం విడిచిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 రాత్రి వరకు, 58 రోజులు, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో. ఆంధ్ర రాష్ట్రం గురించి ప్రతి తెలుగువాడికీ తెలుసు. నేను అక్కడికి వెళ్లింది అంతకు ముందటి నిరాహారదీక్ష కోసం. లోపల ఆయన బొమ్మ ముందు నిలబడి చెప్పాను.

1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని శ్రీరాములుగారు దీక్ష చేశారు. రానివ్వకూడదని గుడి ముందు నిలబడ్డవాళ్లలో మా తాత ఒకరు. మామూలుగా నిలబడలేదు, గడపకు అడ్డంగా నిలబడ్డారు. దర్గా పేరు పెట్టుకున్న భార్యతో కాపురం చేస్తూ, కసుమూరుకు బండి కట్టి తనే తీసుకెళ్తూ, ఆ మనిషే అక్కడ నిలబడ్డారు. తురకల ఫకీరు ముందు తల వంచడానికి అడ్డురాని పట్టింపు, ఊరి చివరి మనిషి లోపలికి వస్తాడంటే అడ్డొచ్చింది. గుడి తలుపులు తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది మద్రాసు రాష్ట్రమంతటికీ ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది.

వదిన బొమ్మ వైపే చూస్తూ విన్నారు. తర్వాత ఒక్కటే అడిగారు. "మళ్లీ ఆ గుడికి వెళ్లారా ఆయన?"

"వెళ్లలేదు. చనిపోయేదాకా వెళ్లలేదు. మైలపడిందన్నారు."

"మస్తానమ్మగారు?"

"తలుపులు తెరిచిన మర్నాడే వెళ్లింది. కొత్తగా వచ్చినవాళ్ల వెనకే వరసలో నిలబడి, చిన్న చెంబులో తీర్థం తెచ్చింది. తాత పుచ్చుకోలేదు. ఆ చెంబు మూడు రోజులు దేవుడి గూట్లోనే ఉంది. చివరికి తులసికోటలో పోసింది. ఇద్దరూ ఎన్నాళ్లో మాట్లాడుకోలేదట. అమ్మ నాకు పెళ్లయ్యాక చెప్పింది, ఎవరికీ చెప్పకు అని."

వదిన ఏమీ అనలేదు. పరవాలేదనలేదు, నా చేయి పట్టుకోనూ లేదు. అలా చేసి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో. ఆవిడ గుండ్లకమ్మ మనిషి. ఆ గడప ఏ వైపున ఎవరు నిలబడ్డారో ఆవిడకు నేను చెప్పాల్సిన పని లేదు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుని, లజ్ మీదుగా నడుద్దామన్నారు. ఎండలో మాటల్లేకుండా తిరుమయిలై స్టేషన్ దాకా నడిచాం.

ఆ స్టేషన్ కాలువ మీద కట్టారు. స్తంభాల మధ్య నల్లటి నీళ్లు, ఒడ్డున ప్లాస్టిక్ సంచులు, ఒక కొంగ. "ఇది బకింగ్‌హామ్ కాలువే కదా" అన్నాను. ఆవిడ ఆగి, పిట్టగోడ మీద చేతులానించి వంగి చూశారు. అడయారుకు, కూవానికి మధ్య ఉన్న ఈ ఐదు మైళ్లూ ఆ కరువులోనే, 1877–78లో, కూలీల చేత తవ్వించారు. పుట్టినప్పటి నుంచి ఈ ఊళ్లోనే ఉండి కూడా ఆవిడ ఈ నీళ్లను ముత్తాత మట్టితట్టతో కలిపి ఎప్పుడూ చూడలేదట.

"శుభలేఖలో పెద్దల పేర్లు వేసే చోట మీ నాయనమ్మ పేరు వేద్దాం వదినా" అన్నారు. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ పిలుపులోంచి "గారు" పోయింది. "మా ముత్తాత పేరు కూడా."

"తాత పేరు?"

ఆవిడ నీళ్లవైపే చూస్తూ ఉండిపోయారు. "ఇప్పుడే చెప్పలేను. ఆలోచించుకోనివ్వండి" అన్నారు. పైన రైలు వచ్చి ఆగిన చప్పుడైంది. ఇద్దరం మెట్లెక్కాం.